సోఫా వెనక ప్లగ్ పాయింట్ ఉందా?

ప్రశ్న: మా హాలు 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. టీవీ ఒక గోడకు, సోఫా ఎదురు గోడకు ఆనించి ఉంటాయి. 5.1 హోమ్ థియేటర్ (ఐదు స్పీకర్లు, లోతైన బాస్ ధ్వనికి ఒక సబ్‌వూఫర్) కొనాలని మావారు, నేను రెండు నెలలుగా మాట్లాడుకుంటున్నాం. నేల మీద వైర్లు ఉంటే మా మూడేళ్ల బాబు లాగేస్తాడని నాకు టెన్షన్, అందుకే వైర్‌లెస్ తీసుకుందామంటున్నాను. వైర్‌లెస్‌లో సౌండ్ సరిగా రాదని ఆయన పట్టు. వచ్చే నెలలో ఇంటికి రంగులు కూడా వేయిస్తున్నాం. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే నా కన్ను ఆ రంగుల పని మీదే పడింది. పెయింటర్‌ను పిలిచే ముందు ఇది ఒక్కసారి చదవండి.

ముందు బాబు సంగతి. వైర్‌లెస్ స్పీకర్ అంటే అసలు వైరే ఉండదని చాలామంది అనుకుంటారు. ఉండనిది సిగ్నల్ వైరు మాత్రమే. మామూలు స్పీకర్‌కు విడిగా కరెంటు అక్కర్లేదు, ఆంప్లిఫయర్ నుంచి వచ్చే సన్నటి జంట వైరులోనే దానికి కావలసింది అందుతుంది. చాలా వైర్‌లెస్ స్పీకర్లలో ఆంప్లిఫయర్ వాటి పొట్టలోనే ఉంటుంది కాబట్టి ఒక్కోదానికి ఒక పవర్ కార్డ్ ఉంటుంది. బ్యాటరీతో నడిచేవి కొన్ని ఉన్నాయి గానీ, సినిమా మధ్యలో ఛార్జింగ్ అయిపోతుందేమోనని చూసుకుంటూ ఉండాలి. మీ సోఫాకు రెండు పక్కలా ప్లగ్ పాయింట్లు లేకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చి పెడతారు. అప్పుడు బాబు చేతికి అందేది మెయిన్ కరెంటు. స్పీకర్ వైరు లాగితే స్పీకర్ పడుతుందేమో అన్నంతవరకే భయం, ఇది అలా కాదు. ఇరవై ఏళ్లుగా ఇళ్లలో స్పీకర్లు బిగిస్తున్నాను. పెట్టె విప్పి రెండు పవర్ కార్డులు బయటికి తీసినప్పుడు, ఇవి ఎక్కడ పెట్టాలి అని అడగని ఇల్లు తక్కువ.

ఇక మీవారి మాట. బ్లూటూత్ విషయంలో ఆయన అన్నది నిజమే. అది ధ్వనిని కుదించి, కాసేపు దాచుకుని, తర్వాత పంపుతుంది. మామూలుగా సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఆలస్యం. ఫోన్‌లో పాట వింటే తెలియదు. సినిమాలో మనిషి పెదవులు ముందు కదిలి మాట తర్వాత వస్తే రెండు నిమిషాలు కూడా చూడలేం. అయితే హోమ్ థియేటర్ సెట్లలో వెనక స్పీకర్లు చాలావరకు బ్లూటూత్‌తో నడవవు. వాటికి సొంత రేడియో లింకు ఉంటుంది, 2.4 లేదా 5 గిగాహెర్ట్జ్ దగ్గర. ఆలస్యం చాలా తక్కువ, ఉన్న కాస్తనూ మెయిన్ యూనిట్ ముందు స్పీకర్లతో కలిపి సరిచేస్తుంది.

అసలు ఇబ్బంది పెట్టేది సిగ్నల్ తెగడం. 2.4 గిగాహెర్ట్జ్ అంటే వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ తిరిగే దారి. మా అక్క ఇంట్లో వెనక ఎడమ స్పీకర్ రోజూ సాయంత్రం టక్కుమని ఆగి, మళ్లీ మోగేది. స్పీకర్ మార్చాం, ప్లగ్ మార్చాం. మూడో సాయంత్రం గాని నాకు తట్టలేదు, వైఫై రూటర్ టీవీ స్టాండు మీద, వెనక స్పీకర్లకు సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్‌ను ఆనుకుని ఉంది! దాన్ని గదికి అవతలి వైపు పెట్టి, టీవీని, ఫోన్లను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాక ఆ టక్కు పోయింది. సాయంత్రం పూటే ఎందుకంటే, ఇంట్లో అందరూ ఫోన్లు పట్టుకునేది అప్పుడే. పైగా ట్రాన్స్‌మిటర్‌కు, స్పీకర్‌కు మధ్య నలుగురు కూర్చుంటే సిగ్నల్ ఇంకా బలహీనపడుతుంది, మనిషి ఒంట్లోని నీరు దాన్ని పీల్చుకుంటుంది కాబట్టి.

వైరుకు ఈ బాధ ఏదీ లేదు. మీ టీవీ దగ్గర నుంచి గోడ వెంట సోఫా పక్కకు సుమారు 30 అడుగులు, అంటే 9 మీటర్లు. 8 ఓమ్‌ల (ఓమ్ అంటే నిరోధం కొలత) స్పీకర్‌కు 16 గేజ్ రాగి వైరు 15 మీటర్ల దాకా నిశ్చింతగా సరిపోతుంది. 4 ఓమ్‌ల స్పీకర్లయితే 14 గేజ్ తీసుకోండి. గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావు. కొనే ముందు ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం, అదే మందంలో దానికి నిరోధం ఎక్కువ.

ఇప్పుడు రంగుల సంగతి. రంగు వేయకముందే గోడలో గాడి కొట్టించి, టీవీ వెనక నుంచి రెండు పక్క గోడల మీదుగా పీవీసీ పైపు వేయించండి. మలుపుల దగ్గర ఎల్బోలు వద్దు, గుండ్రంగా తిరిగే బెండ్లు పెట్టమనండి. లేకపోతే రేపు వైరు లాగలేరు. పైపులో ఒక గట్టి తాడు వదిలేయమనండి. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం స్పీకర్ వైరు ఎప్పుడూ కలపకండి. ఎదురుపడితే అడ్డంగా దాటించండి.

వైరు బయటికి వచ్చే చోటు కూడా ముఖ్యం. సరౌండ్ స్పీకర్లు అంటే నెత్తి వెనక ఉండాలనుకుంటారు. 5.1లో వాటి చోటు మీకు రెండు పక్కలా, కొంచెం వెనక్కి. మీరు కూర్చున్న చోట, ఎదురుగా టీవీ మధ్యను సున్నా అనుకుని కొలిస్తే ఒక్కో పక్కకు 110 నుంచి 120 డిగ్రీలు. మీ సోఫా గోడకు ఆనుకుని ఉంది కాబట్టి పక్క గోడల మీద, కూర్చున్నప్పుడు చెవికి అడుగు, రెండడుగులు పైన బిగించండి. బాబుకు అందవు కూడా. వీలైతే సోఫాను గోడ నుంచి రెండడుగులు ముందుకు జరపండి. గోడకు తల ఆనించి వింటే ఎంత మంచి సెట్ అయినా బాస్ ఉబ్బినట్టు వినిపిస్తుంది. మీరు ఏ స్పీకర్ కొన్నా సరే, ఈ ఒక్క పని చేస్తారని నా ఆశ.

సబ్‌వూఫర్ మాత్రం వైర్‌లెస్ తీసుకోండి, నాకు అభ్యంతరం లేదు. 80 హెర్ట్జ్ కింద ధ్వని ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పెద్దగా పట్టలేదు. దానికి కావలసింది మంచి చోటు. సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే చోట పెట్టి, పాట వేసి, మీరు నేల మీద పాకుతూ గది అంచుల వెంట తిరగండి. బాస్ ఎక్కడ నిండుగా, సమంగా వినిపిస్తే అక్కడే దాన్ని పెట్టండి.

2004లో మా ఇంటి గోడలో వేసిన స్పీకర్ వైరు ఇప్పటికీ అదే. ఈలోగా ఆంప్లిఫయర్ మూడుసార్లు మారింది. వైర్‌లెస్ వెనక స్పీకర్లు చాలావరకు అదే కంపెనీ మెయిన్ యూనిట్‌తోనే మాట్లాడతాయి. అది పాడై, ఆ మోడల్ రావడం ఆగిపోతే, బాగున్న స్పీకర్లు కూడా మూలన పడతాయి. అందుకే మీ ఇంటికి ఐదు స్పీకర్లూ వైర్లతోనే అంటాను.

ప్రశ్న: అద్దె ఇల్లు. గోడకు మేకు కూడా కొట్టొద్దన్నారు. చిన్న గది. వైర్లు తప్పవా?

జవాబు: తప్పుతాయి. వైర్‌లెస్ సబ్‌వూఫర్, రెండు వైర్‌లెస్ వెనక స్పీకర్లు ఉన్న సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్) మీలాంటివారికే. ఇల్లు మారితే పెట్టెలో సర్దుకుని వెళ్లొచ్చు. టీవీ నుంచి సౌండ్‌బార్‌కు మాత్రం హెచ్‌డీఎంఐ కేబుల్ వేయండి. టీవీకి ఈఏఆర్‌సీ (హెచ్‌డీఎంఐ గుండానే టీవీ ధ్వనిని బయటికి పంపే సదుపాయం) ఉంటే ఏ కుదింపూ లేని 7.1 (ఏడు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) కూడా దాని గుండా వస్తుంది. ఆప్టికల్ కేబుల్ కుదించిన 5.1 దగ్గరే ఆగిపోతుంది.

ప్రశ్న: కొత్త 5.1 పెట్టాం. సినిమా వేస్తే ముందు రెండు స్పీకర్లే మోగుతున్నాయి. వెనక వైర్లు రెండుసార్లు మార్చాను.

జవాబు: వైర్ల జోలికి వెళ్లకండి. టీవీ సెట్టింగులలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ పీసీఎం (ధ్వనిని టీవీయే విప్పి పంపే పద్ధతి) మీద ఉందేమో చూడండి. చాలా టీవీలు అలా ఉంటే రెండు చానళ్లే బయటికి పంపుతాయి. దాన్ని బిట్‌స్ట్రీమ్ (విప్పకుండా ఉన్నదున్నట్టు పంపడం) లేదా ఆటోకు మార్చండి. ఆ సినిమాకు 5.1 ట్రాక్ ఉందో లేదో కూడా చూసుకోండి. రెండుసార్లు వైర్లు ఊడదీశారు కాబట్టి ఆంప్లిఫయర్ ఆఫ్ చేసి, ఎర్ర టెర్మినల్ ఎర్రదానికే, నల్లది నల్లదానికే వెళ్లిందో లేదో, విడిపోయిన పోగులు పక్కదాన్ని తాకుతున్నాయేమో ఒక్కసారి టార్చి వేసి చూడండి.