గుడి అత్తగారికి, సముద్రం బాబుకి

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో ఉంటాం. నేను, మావారు, మా అత్తగారు, నాలుగో తరగతి చదివే బాబు. వాడు ఇంతవరకు సముద్రం చూడలేదు, క్లాసులో అందరూ చూశారని రోజూ ఒకటే గోల. అత్తగారేమో గుడి ఉంటేనే వస్తానంటారు, పైగా మోకాళ్ళ నొప్పులు. వైజాగ్ అనుకుని హోటల్ రేట్లు చూసి ఫోన్ పక్కన పడేశాం. శని, ఆదివారాల్లో, అన్నీ కలిపి ఆరు వేలలో తిరిగి రాగలిగే చోటు ఏదైనా ఉంటే చెప్పండి. (ఒక పాఠకురాలు)

జవాబు: ఉందండీ, అంతర్వేది. కోనసీమ జిల్లా సఖినేటిపల్లి మండలంలో, గోదావరి పాయల్లో ఒకటైన వశిష్ఠ సముద్రంలో కలిసే చోట ఉన్న పల్లెటూరు. మీ అత్తగారి దగ్గర ఊరి పేరు ఎత్తి చూడండి, మోకాళ్ళ సంగతి మరిచిపోయి ఆవిడే ముందు బ్యాగు సర్దుకుంటారు. సప్తసాగర యాత్ర అని చొల్లంగిలో మొదలుపెట్టి గోదావరి ఏడు పాయల దగ్గరా స్నానాలు చేస్తూ వస్తారే, వాళ్ళు చివరికి చేరేది ఇక్కడికే.

శుక్రవారం రాత్రి లింగంపల్లిలో బయల్దేరే నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కేయండి, మీకు స్టేషన్ దగ్గరే. పొద్దున్నకి నరసాపురం, లైను అక్కడితో ఆఖరు కాబట్టి నిద్రలో స్టేషన్ దాటిపోతుందేమోనన్న టెన్షన్ కూడా లేదు. స్లీపర్ మనిషికి మూడొందలు అటూ ఇటూ అవుతుంది. బాబుకి బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం, కానీ తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి రాత్రంతా పక్కన సర్దుకుని పడుకోవడం మీ వల్ల కాదు, బెర్తు తీసుకోండి. అత్తగారికి సీనియర్ సిటిజన్ రాయితీ వస్తుందని లెక్కల్లో వేసుకోకండి, 2020లో ఆపేశారు. బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు, వారాంతం బెర్తులు త్వరగా అయిపోతాయి, దసరా సంక్రాంతుల సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన మహాలక్ష్మి ఉచిత బస్సు తెలంగాణ వరకే. ఆంధ్రాలోనూ ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం పెట్టారు కానీ అది అక్కడివాళ్ళకి, మీ ఆధార్‌లో కూకట్‌పల్లి అడ్రసు ఉంటే టికెట్ కొట్టించుకోవాల్సిందే. కండక్టర్‌తో వాదించి లాభం లేదు, నేను వాదించి చూశాను.

నరసాపురంలో దిగాక స్టేషన్ నుంచి రేవుకి ఆటో. రేవులో పంటు ఎక్కి అవతల సఖినేటిపల్లిలో దిగాలి. నన్నడిగితే ఈ ప్రయాణంలో సగం సరదా ఈ పంటే. బల్లపరుపుగా ఉండే ఇనుప పడవ, దాని మీద బైకులు, ఆటోలు, ఒక్కోసారి కారు, వాటి మధ్యన చేపల గంపల ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు, స్టాండు వేసిన సైకిలు పట్టుకుని నిలబడ్డ ముసలాయన, డీజిల్ వాసన, నీళ్ళ వాసన. టికెట్టు చిల్లర డబ్బులే. అవతలి ఒడ్డుకి తగిలేటప్పుడు ఒక కుదుపు ఇస్తుంది, అందరూ ఒక్కసారి ముందుకు తూలి నవ్వుకుంటారు, అత్తగారిని మాత్రం అది ఆగేదాకా కూర్చోబెట్టే ఉంచండి. వరద రోజుల్లోనూ, గాలి ఎక్కువైనప్పుడూ పంటు ఆపేస్తారు. అప్పుడు పాలకొల్లు వైపు తిరిగి చించినాడ వంతెన మీదుగా పోవాలి, చుట్టూ తిరుగుడు, ఆటో ఖర్చు బాగా పెరుగుతుంది. అందుకని స్టేషన్‌లో దిగగానే ఆటో అబ్బాయిని మొదట అడగాల్సింది పంటు నడుస్తోందా అని.

ఇక అసలు విషయం. అంతర్వేదిని గుడి, బీచ్ అని రెండు ముక్కలుగా చూసేసి గంటన్నరలో తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువ. అలా చూస్తే మీవాడు గుళ్ళో విసుక్కుంటాడు, అత్తగారు ఒడ్డున విసుక్కుంటారు. ఈ ఊరంతా ఒకే కథ, అందులో ఒక్కో ఘట్టానికి ఊళ్ళో ఒక్కో చోటు ఉంది, కథ తెలిస్తే చాలు, చూడ్డానికి పైసా ఖర్చు లేదు. కాబట్టి రైల్లోనే బాబుకి చెప్పేయండి.

హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడని ఒకడు. శివుడి కోసం తపస్సు చేసి వరం అడిగాడు: యుద్ధంలో నా ఒంటి నుంచి రక్తం కారితే, అది ఎన్ని ఇసుక రేణువుల మీద పడుతుందో అంతమంది నా అంతటి వాళ్ళు పుట్టాలి అని. ఎక్కడ నిలబడి అడిగాడో చూడండి, గోదావరి ఇసుక తిన్నెల మీద! ఇక వాడికి ఎదురేముంది. విశ్వామిత్రుడి మాట మీద వచ్చి వశిష్ఠుడి కొడుకుల్ని నూరుమందినీ చంపేశాడు. వశిష్ఠుడు మొరపెట్టుకుంటే నరసింహస్వామి వచ్చి చక్రం వేశాడు, చక్రం తగిలి రక్తం పడ్డచోటల్లా మళ్ళీ రాక్షసులే. చివరికి స్వామి మాయాశక్తిని పిలిస్తే ఆవిడ నాలుక చాపి రక్తం నేలని తాకకుండా పట్టేసిందట, అప్పుడు గానీ వాడు చావలేదు. ఆ రక్తమే రక్తకుల్య అనే పాయగా పారిందంటారు. ఆ అమ్మవారే అశ్వరూఢాంబిక, ఊళ్ళో వాళ్ళకి గుర్రాలక్క, స్వామికి చెల్లెలు వరస.

ఒడ్డుకి వెళ్ళాక మీవాడి చేత గుప్పెడు ఇసుక పట్టించి, ఇందులో ఎంతమంది రాక్షసులున్నారో లెక్కపెట్టరా అనండి. నేను మా చెల్లెలి కూతురికి ఇదే పని చెప్పాను, అది అరచేతిలో ఇసుక పరుచుకుని వేలితో ఒక్కో రేణువూ పక్కకి నెడుతూ నలభై దాకా లెక్కపెట్టి, ఇంక అమ్మవారే వచ్చి చూసుకుంటుందిలే అని దులిపేసుకుంది.

వరస ఇలా పెట్టుకోండి. ముందు పెద్ద గుడి, ఎండ ఎక్కకముందే. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అది అత్తగారికి చెప్పండి. బాబుకి చెప్పాల్సింది వేరే ఉంది. ఇప్పుడు మనం చూసే గుడి 1823లో కొప్పనాతి కృష్ణమ్మ అనే పడవల వ్యాపారి పూర్తి చేయించింది. తుపానులో ఆయన ఓడలు చిక్కుకుపోతే, అవి క్షేమంగా ఒడ్డు చేరితే గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడని చెబుతారు. ఆయన విగ్రహం కూడా గుళ్ళో ఉంది, స్వామికి దణ్ణం పెట్టేవాళ్ళు ఆయన్నీ ఒకసారి చూసి పోతారు. రాజులు కట్టిన గుళ్ళు మనకి బోలెడు, ఓడల సంపాదనతో కట్టింది అంత సులువుగా దొరకదు. మధ్యాహ్నం గుళ్ళో అన్నప్రసాదం ఉంటుంది, హుండీలో మీకు తోచింది వేసి కడుపునిండా తినండి. అక్కడి నుంచి నీలకంఠేశ్వరుడి గుడి, బ్రహ్మ ఇక్కడ రుద్రయాగం చేసి ఈ శివుణ్ణి నిలిపాడని, ఆ యాగవేదిక వల్లే ఊరికి ఈ పేరు వచ్చిందని అంటారు. గుర్రాలక్క గుడికీ, సముద్రం వైపున్న వశిష్ఠాశ్రమానికీ, లైట్‌హౌస్‌కీ ఆటో కావాలి, నడిపించకండి. సఖినేటిపల్లిలోనే ఒక ఆటో మాట్లాడుకుని, ఈ చోట్లన్నీ పేరుపేరునా చెప్పి, వెయిటింగుతో సహా ఒకటే రేటు అనిపించుకుని ఎక్కండి. పేర్లు చెప్పకపోతే అది వేరే, ఇది వేరే అంటారు.

సాయంత్రం నాలుగు దాటాక అన్నాచెల్లెళ్ళ గట్టు. ఒకవైపు నది, ఒకవైపు సముద్రం, మధ్యలో గట్టు వేసినట్టు గీత. వానలు తగ్గాక, అక్టోబరు నవంబరుల్లో అయితే నది ఇంకా ఎర్రమట్టి తెస్తూ ఉంటుంది కాబట్టి రెండు రంగులూ బాగా తెలుస్తాయి. ఎండాకాలంలో పైన ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీళ్ళు ఆపేస్తారు, కింద పాయలోకి ఉప్పునీళ్ళు ఎగదన్నుతాయి, అంతా ఒకే రంగు, అప్పుడు వెళ్ళి గీత ఏదీ అని వెతకొద్దు. ఇక్కడ బాబుని మోకాలి లోతు దాటనివ్వకండి. నదీ సముద్రం కలిసే చోట కింద లాగుడు ఎలా ఉంటుందో పైకి కనిపించదు, ఈత వచ్చినవాళ్ళూ పోయారు. ఆడుకోవాలంటే లైట్‌హౌస్ వైపు ఒడ్డున అల తాకేంత దూరంలో ఆడుకోమనండి.

రాత్రికి నరసాపురం వచ్చేసి లాడ్జిలో పడుకోండి, కానీ పంటు ఆఖరి ట్రిప్పు ఎప్పుడో పొద్దున వచ్చేటప్పుడే అడిగి పెట్టుకోండి. ఆదివారం తీరిగ్గా లేచి పాలకొల్లు. పంచారామాల్లో ఒకటైన క్షీరారామం అక్కడే, 120 అడుగుల గోపురం, ఊళ్ళోకి వస్తూండగానే కనిపిస్తుంది. పొద్దున టిఫినుకి దిబ్బరొట్టె తినండి. మూకుడులో మినప్పిండి మందంగా పోసి, మూత పెట్టి, సన్నసెగ మీద అడుగు ఎర్రగా కరకరలాడేదాకా కాలుస్తారు, లోపల దూదిలా ఉంటుంది, ఒక్కటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలుండదు. పులస మాట మాత్రం ఎత్తకండి, మీ ఆరు వేలూ ఆ ఒక్క చేపకే సరిపోతాయి. కొనాలనిపిస్తే నరసాపురం లేసు కొనండి, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని సూదితో అల్లేది, 2024లో జీఐ, అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకు అన్న గుర్తింపు కూడా వచ్చింది. చిన్న టేబుల్ ముక్క చాలు, కానీ అది మీ ఆరు వేల లెక్కకి పైనే.

రైలుకి 2,400, ఆటోలూ పంటూ కలిపి 1,500, లాడ్జి వెయ్యి, తిండి వెయ్యి. ఇవి నా అంచనాలు, పండగ రోజుల్లో పనికిరావు. మిగిలిన వంద బాబు ఐస్‌క్రీముకి.

ప్రశ్న: మా నాన్నగారు అంతర్వేది తీర్థానికే వెళ్దామంటున్నారు. మలక్‌పేట నుంచి ఆరుగురం. రద్దీ ఎలా ఉంటుంది?

జవాబు: మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. లక్షల్లో జనం. ఒకసారి వెళ్ళాలి, కాదనను, కానీ డబ్బులు మిగుల్చుకుందామని వెళ్ళే యాత్ర కాదది. నేను వెళ్ళిన ఏడాది రథం తాడు దగ్గరికి పోదామని జనంలో దూరి చెప్పులు పోగొట్టుకున్నాను, లాడ్జి వాడు ఫోన్‌లో ఒప్పుకున్న గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తే తెల్లవార్లూ అరుగు మీదే కూర్చున్నాను. మీ నాన్నగారు పట్టుబడితే అక్కడ బంధువులెవరైనా ఉన్నారేమో ముందు చూసుకోండి. ఇంకో సంగతి, పాత రథం 2020 సెప్టెంబరులో షెడ్డులోనే కాలిపోయింది, మరుసటి ఫిబ్రవరి ఉత్సవానికల్లా కొత్తది చేయించారు. ఆయన చిన్నప్పుడు చూసిన రథం ఇదే అనుకుని చుట్టూ తిరిగి చూస్తారేమో, ముందే చెప్పండి. రద్దీ వద్దనుకుంటే 2027 గోదావరి పుష్కరాల లోపల ఏదో ఒక మామూలు శనివారం వెళ్ళిరండి.

ప్రశ్న: ఇద్దరు ఫ్రెండ్స్‌మి, అమీర్‌పేట హాస్టల్. బైక్ మీద అంతర్వేది వెళ్ళిరావచ్చా?

జవాబు: వెళ్ళొచ్చు బాబూ, పోనూ నాలుగొందల కిలోమీటర్ల పైమాట, రానూ అంతే. పెట్రోలు లెక్క వేసి చూడండి, రైలే చవక. బైక్ సరదా తీరాలంటే నరసాపురంలో తెలిసినవాళ్ళది ఒకటి అడిగి తీసుకుని దాన్నే పంటు ఎక్కించండి.