ఆ అద్దం ఇప్పుడే విప్పించకండి

ప్రశ్న: మా నాన్నగారు 1968లో కొన్న ఫియట్ 1100 కారుకు కొత్త ముందు అద్దాన్ని చెన్నైలోని ఒక దుకాణం నుంచి రూ.9,000కు తెప్పించాను. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ బిగించాడు. కూలి రూ.4,000 మాట్లాడుకుని 2,500 ఫోను ద్వారా చెల్లించాను. నాలుగో రోజుకు కుడి వైపు కింది మూల నుంచి పగులు పాకింది. వానొస్తే డాష్‌బోర్డు కిందికి నీళ్లు కారుతున్నాయి. రబ్బరు బీడింగ్‌లో కూర్చునే పాత స్టీలు పట్టీల్లో ఒకటి వంకరపోయింది. రెండోదాన్ని మిగిలిన రూ.1,500 ఇస్తేనే ఇస్తానంటున్నాడు. తప్పు అద్దానిదని మేస్త్రీ, బిగింపుదని దుకాణం వాళ్లు అంటున్నారు. రసీదు లేదు. పైగా ఈ కారుకు వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలనుకుంటున్నాను. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కొత్త అద్దం కోసం ఇంకో మేస్త్రీ దగ్గరకు వెళ్లే ఆలోచనలో ఉంటే ఆగండి. మీ కేసుకు సాక్ష్యం ఆ చట్రంలోనే ఉంది. అద్దం విప్పిన గంటలో అది పోతుంది.

ఇలాంటి పాత కార్లకు అద్దాన్ని జిగురుతో అంటించరు. అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, దాని గాడిలో తాడు పెట్టి, సబ్బు నీళ్లు రాసి, ఒకరు బయటి నుంచి అదుముతుంటే ఇంకొకరు లోపలి నుంచి తాడు లాగుతారు. రేకు అంచున తుప్పు గడ్డ గానీ, టింకరింగ్‌లో మిగిలిన ఉబ్బు గానీ ఉంటే అద్దం అక్కడ ఆనుకుని, బండి కుదుపులకు అదే చోట చీలుతుంది. మీ అద్దం మూల నుంచే పగిలిందంటే నా అనుమానం బిగింపు మీదికే పోతుంది. అయితే నా అనుమానం సాక్ష్యం కాదు. బండ్ల నష్టాన్ని అంచనా కట్టే, లైసెన్సున్న మోటారు సర్వేయర్‌ను పిలిపించి, అతని ఎదుటే అద్దం తీయించి, రేకు అంచును దగ్గర నుంచి ఫొటోలు తీయించి, రాతపూర్వక నివేదిక తీసుకోండి. ఆ రోజు రమ్మని మేస్త్రీకీ దుకాణానికీ ముందే వాట్సాప్‌లో కబురు పెట్టండి. రాకపోతే అది వాళ్ల ఇష్టం. విప్పిన అద్దాన్ని పారేయకుండా దాచండి. అవసరమైతే మీరు ఫిర్యాదు చేసే వినియోగదారుల కమిషనే దాన్ని పరీక్షకు పంపగలదు.

రసీదు లేదని దిగులుపడనక్కర్లేదు. ఆటోనగర్‌లో మాటే రసీదు. మీ ఫోను చెల్లింపు, మేస్త్రీతో నడిచిన సందేశాలు, బండి అప్పగించే ముందు తీసిన ఫొటో ఒక్కటున్నా చాలు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం పని తీరులో లోపం సేవాలోపమే. ‘పాత బండి, గ్యారంటీ లేదు’ అన్నంత మాత్రాన అజాగ్రత్తకు మాఫీ దొరకదు. ఒక్క మాట నిజం చెప్పండి: అంచు తుప్పు పట్టిందని మేస్త్రీ ముందే హెచ్చరించినా, ఫరవాలేదు బిగించమని మీరే అన్నారా? అలాగైతే కేసు సగం నీరుగారినట్టే. ఈ కారును పెళ్లిళ్లకు అద్దెకిస్తున్నా నాకు చెప్పాలి. మీరు వినియోగదారే కాదనడానికి అవతలి వకీలు మొదట పట్టుకునేది ఆ వ్యాపారం సంగతే.

పట్టీల విషయం వేరు. అవి మీరు నమ్మి అప్పగించిన వస్తువులు. 1872 కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, సామాన్య వివేకం ఉన్నవాడు తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో మేస్త్రీ వాటిని అలా చూసుకోవాలి. 170వ సెక్షన్ కూలి అందేదాకా వస్తువును ఆపుకొనే హక్కు ఇస్తుంది, కానీ ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేసినవాడికే. మీరు గట్టిగా వాదించవచ్చు. నేనైతే వాదించను. బజారులో దొరకని పట్టీ కోసం, ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, నా హక్కులు వదులుకోవడం లేదు’ అని సందేశం పంపి, ఆ 1,500 కట్టి పట్టీ తెచ్చుకుంటాను. తర్వాత ఆ సొమ్మునూ ఫిర్యాదులో కలుపుతాను.

ఇద్దరూ తప్పును ఎదుటివారి మీదకు నెడుతున్నారు కనుక ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. చెన్నై దుకాణమైనా మీరు చెన్నై వెళ్లనక్కర్లేదు. మీరు నివసించే చోటే, అంటే విజయవాడలోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. చట్టం తప్పనిసరి చేయకపోయినా, ముందు 15 రోజుల నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. చాలా తగాదాలు ఆ కవరు అందగానే చల్లబడతాయి. అద్దం ఖరీదు, కూలి, పట్టీకి మరమ్మతు ఖర్చు, సర్వేయర్ ఫీజు లెక్కగట్టి అడగండి. మానసిక వేదనకు లక్షలు మాత్రం రాయకండి, మిగతా అంకెల మీదా నమ్మకం పోతుంది.

ఇక రిజిస్ట్రేషన్. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, అసలు రూపం నిలుపుకున్న వ్యక్తిగత వాహనానికి వింటేజ్ హోదా దొరుకుతుంది. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్పులకే అక్కడ అభ్యంతరం. పగిలిన అద్దం స్థానంలో అదే కొలత అద్దం వేయడం ఆ కోవలోకి రాదు. కొత్తది సేఫ్టీ గ్లాసే అయి ఉండాలి, మూలన ముద్ర చూసి కొనండి. పగిలిన అద్దం మూలన ముద్ర ఉందో లేదో కూడా ఫొటో తీసి పెట్టుకోండి. లేకపోతే ఆ ఫొటో చెన్నై దుకాణం మీద మీకు పనికొస్తుంది.