ఆర్గానిక్ కెమిస్ట్రీయా, ఫర్మెంటేషనా?

ప్రశ్న: మా అమ్మాయి మైక్రోబయాలజీ, కెమిస్ట్రీలతో బీఎస్సీ ఫైనలియర్. విటమిన్లన్నీ ఇప్పుడు సూక్ష్మజీవులతోనే చేస్తున్నారు, కెమిస్ట్రీ పనైపోయిందంటుంది. బంధువులేమో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేస్తే హైదరాబాద్‌లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. దేంట్లో చేర్పించమంటారు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ అమ్మాయి మాటలో సగం నిజం. బీ2 విటమిన్, అంటే రైబోఫ్లేవిన్ సంగతి చూడండి. జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ 1990లో దాన్ని ఫర్మెంటేషన్‌తో, అంటే ట్యాంకుల్లో సూక్ష్మజీవులను పెంచి వాటితో చేయించడం మొదలుపెట్టి, 1996లో రసాయన పద్ధతిని మానేసింది. వాడేది ఆష్‌బియా గాసిపీ అనే శిలీంధ్రం. మన రైతులకు నచ్చని జాతి, పత్తికాయకు తెగులు తెచ్చేది! వంటనూనె మేపితే తన అవసరానికి మించి బీ2 తయారుచేస్తుంది. ట్యాంకులో ద్రవం పసుపుపచ్చగా మారుతుంది. ఇక బీ12 విటమిన్‌ను వుడ్‌వర్డ్, ఎషెన్‌మోజర్ అనే రసాయన శాస్త్రవేత్తల బృందాలు పదేళ్లకు పైగా శ్రమించి 1970ల మొదట్లో ల్యాబ్‌లో సృష్టించాయి. మహత్తరమైన కెమిస్ట్రీ అది. అయినా ఫ్యాక్టరీల్లో బీ12 ఇచ్చేది బ్యాక్టీరియానే.

మిగతా సగం ఆమె చూడలేదు. ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని లెడర్లే అనే అమెరికా మందుల కంపెనీ బృందం రసాయనికంగా తయారుచేసింది. ఈనాటికీ మార్కెట్లో దొరికేది ప్రధానంగా అలా చేసిందే. విటమిన్ సి తయారీలో బ్యాక్టీరియా కొంత దూరం తీసుకెళ్తుంది, ఆఖరి మెట్టు కెమిస్ట్రీది.

కాబట్టి ఏది గెలుస్తుందని కాదు, ఆమెకు ఏ పని ఇష్టమో అడగండి. ఫర్మెంటర్ (సూక్ష్మజీవులను పెంచే ట్యాంకు) దగ్గర పనంటే రోజుల తరబడి పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి), కరిగిన ఆక్సిజన్, నురగ చూసుకోవాలి. ఒక్క వాల్వు సరిగా స్టెరిలైజ్ కాకపోతే వేరే సూక్ష్మజీవి చేరి బ్యాచ్ మొత్తం పారబోయాల్సిందే. నైట్ షిఫ్టులుంటాయి, ఈ విషయం ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఆ తర్వాత ద్రవంలోంచి విటమిన్‌ను వేరుచేసి, స్ఫటికాలుగా మార్చి, హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షా యంత్రంలో శుద్ధత చూడాలి. ఇదంతా కెమిస్ట్రీయే. రెండూ తెలిసినవాళ్లే ప్లాంట్‌లో నిలదొక్కుకుంటారు.

బంధువులు చెప్పింది కొట్టిపారేయను. మన బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీల్లో ఆర్గానిక్ వాళ్లకు అవకాశాలు ఎక్కువే. కానీ గ్యారంటీ ఏ డిగ్రీకీ లేదు. ఆమెకు సూక్ష్మజీవులంటే అంత ఇష్టం ఉంటే నా ఓటు ఇండస్ట్రియల్ మైక్రోబయాలజీకి లేదా బయోటెక్నాలజీకే, ఒక షరతుతో. చేర్పించే ముందు మీరిద్దరూ కాలేజీకి వెళ్లి, పనిచేసే ఫర్మెంటర్ చూపించమనండి, కిందటేడాది విద్యార్థులు దాంట్లో ఏం పెంచారో రికార్డు అడగండి. చూపించలేకపోతే అక్కడ సీటు వద్దు. అలా చూపించలేని కాలేజీలే దొరికితే ఆర్గానిక్ కెమిస్ట్రీలోనే చేర్పించండి.