పగలాల్సిన బొమ్మ: నాటిక రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

బడి వార్షికోత్సవానికి నువ్వు రాసిన నాటిక చదివాను. బామ్మా మనవడూ మాట్లాడుకునే తీరు నాకెంతో నచ్చింది. ఆ బామ్మ ఎక్కడా నీతులు చెప్పదు. పిల్లల నాటికల్లో అది అరుదు. నా పేచీ అంతా మూడో రంగంలోని ఒక్క వాక్యంతోనే: ‘కొలువులోంచి కొండపల్లి బొమ్మ కింద పడి ముక్కలు ముక్కలవుతుంది.’

అవదు. కొండపల్లి బొమ్మను తెల్లపొణికి కర్రతో చేస్తారు. తేలికైన, మెత్తని కర్ర అది. పడితే టక్కుమని పక్కకు దొర్లుతుంది, అంతే. అయితే బొమ్మంతా ఒకే కర్ర కాదు. చేతుల వంటివి విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. కాబట్టి బొమ్మ పగలదు గానీ చెయ్యి ఊడిపోవచ్చు.

నన్నడిగితే నీ కథకు అదే మేలు. బొమ్మ ముక్కలైతే ఆ క్షణంతో సరి. ఆ తర్వాత మిగిలేది తిట్లూ ఏడుపులే. చెయ్యి ఊడితే మనవడికి పని దొరుకుతుంది. ఊడిన చేతిని జేబులో దాస్తాడు. బొమ్మను మళ్లీ మెట్టు మీద, విరిగిన వైపు గోడకు తిప్పి నిలబెడతాడు. పేరంటాళ్లు ఒక్కొక్కరే కొలువు ముందు వంగి చూస్తుంటే, ఎదురుగా కూర్చున్న పిల్లలందరికీ గుండె గొంతులోకి వస్తుంది. టెన్నెసీ విలియమ్స్ నాటకం ‘ది గ్లాస్ మెనాజరీ’ని 1944లో షికాగోలో తొలిసారి ఆడారు. అందులో ఒక అమ్మాయి అపురూపంగా చూసుకునే గాజు గుర్రం పూర్తిగా పగలదు, నుదుటి మీది ఒంటికొమ్ము మాత్రమే విరుగుతుంది. దాంతో అది మిగతా గుర్రాల్లో ఒకటైపోతుంది. ఆ అమ్మాయి మనసంతా ఆ చిన్న విరుపులోనే ఉంది. రంగస్థలం మీద ఊడే చేతికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. భుజంలో ఒకటి, చేతిలో ఒకటి చిన్న అయస్కాంతం బిళ్లలు అమర్చితే చాలు, ప్రతి రిహార్సల్‌కూ అదే బొమ్మ పనికొస్తుంది.

లేదు, ముక్కలవ్వాల్సిందే అంటావా? అయితే ఆ బొమ్మను కర్రబొమ్మ అనకు, మట్టిబొమ్మ అని రాయి. గాజూ పింగాణీ మాత్రం వద్దు. వార్షికోత్సవంలో నీ నాటిక తర్వాత చిన్నపిల్లలు వట్టి కాళ్లతో నాట్యం చేస్తారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చవకే గానీ ముద్దగా పోస్తే అంత తేలిగ్గా పగలదు, లోపల బోలుగా ఉండాలి. పైగా నీళ్లు కలిపాక గడ్డకట్టేటప్పుడు అది బాగా వేడెక్కుతుంది, ఎక్కువ మొత్తమైతే చర్మం కాలుతుంది. పిల్లలను అందులో చేతులు పెట్టనివ్వకు.

అన్నిటికన్నా కాల్చని మట్టి మంచిది. రెండు పలకల అచ్చులో సన్నని బూడిద చల్లి, జల్లించిన బంకమట్టిని పలుచగా అద్ది, రెండు సగాలనూ తడిమట్టితో అతికించి నీడన ఆరనివ్వండి. ఎండలో పెడితే ముందే బీటలు వారుతుంది. సున్నం, జాజు పూస్తే చాలు, నూనె రంగులు వద్దు. అలాగైతే పగిలిన ముక్కలను నీళ్లలో నానబెట్టి మళ్లీ అచ్చులో అద్దుకోవచ్చు. పంచదార చిలకలు పోసే చెక్క అచ్చులు మీ ఊళ్లో ఉంటే పాకంతోనూ పోయవచ్చు. చిలక భలే పగులుతుంది. కానీ గాలిలో తేమ ఉంటే మెత్తబడుతుంది, చీమలు పడతాయి. పోసిన రోజే వాడేయాలి.

మరొక మాట. బడి వేదిక మీద సాధారణంగా జంపఖానా పరిచి ఉంటుంది. దాని మీద పడిన బొమ్మ పగలదు. కొలువు ముందు ఒక పీట వేయించు, బొమ్మ దాని మీదే పడాలి. పచ్చిమట్టి పగిలితే పెద్దగా చప్పుడు రాదు. అందుకని తెర వెనక ఒకరు అదే క్షణంలో బకెట్లో పెంకు ముక్క వేయాలి. ఆ పని నమ్మకమైన పిల్లకు అప్పగించు, రిహార్సల్‌లో బొమ్మ పట్టుకునే పిల్లాడితో కలిపి సాధన చేయించు. మామూలు రిహార్సల్స్‌కు అంతే బరువున్న కర్రముక్క చాలు. పగిలే బొమ్మలను చివరి సాధనకూ ప్రదర్శనకూ దాచు. ప్రదర్శన రోజున చేతికందేలా ఒకటి అదనంగా ఉండాలి.

ఇక ముక్కలెవరు ఎత్తుతారు? నువ్వు రాసిన ప్రకారం బొమ్మ పగలగానే దీపాలు ఆరిపోతాయి. ఆ చీకట్లో ఎవరో ఒక అయ్యవారు చీపురుతో పరిగెత్తుకు రావాలి, నాటిక అక్కడే చచ్చిపోతుంది. దీపాలు ఆర్పకు. బామ్మ చేతే ఎత్తించు. ఆమె కింద కూర్చుని ఒక్కో ముక్కా చేటలోకి ఏరుతుంది, మనవడు కదలకుండా నిలబడి చూస్తాడు. వేదికా శుభ్రమవుతుంది, నీ నాటికలో ఇప్పటిదాకా లేని రంగమూ పుడుతుంది. ఏరుతున్నంతసేపూ బామ్మ ఏం మాట్లాడుతుందో, అసలు మాట్లాడుతుందో లేదో నువ్వే తేల్చాలి. రాసి పంపు, వెంటనే చదువుతాను.