పాడేటోడా, ఆడేటోడా?

ప్రశ్న: సార్, నేను డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ నాటకాల్లో వేషం వేస్తాను, కీబోర్డు వాయిస్తాను. జపాన్ హోషినో గెన్ అంటే పడిచస్తాను. ఆయన నటుడా, గాయకుడా? మా నాయనేమో ‘రెండు పడవల మీద కాలు పెడితే ఏట్లో పడతవ్, ఏదో ఒకటి చూసుకో’ అంటున్నాడు.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ నాయన మాట కొట్టిపారేయను తమ్ముడూ. మా నాయనా ఇదే చెప్పిండు, నేను ఇనలే. ఆ కథ ఇంకోసారి.

హోషినో 1981లో పుట్టాడు. గిటారు పట్టిందీ, నాటకం ఎక్కిందీ బడిలో, ఒకే ఈడులో. 2000లో సాకెరాక్ అని ఒక బృందం కట్టాడు. తమాషా ఏందంటే అందులో పాటే లేదు, ఉత్త వాయిద్యమే! ఈయన గిటారు, మరింబా వాయించేవాడు. మరింబా అంటే చెక్క పలకలు పొడుగూ పొట్టీ వరుసగా పేర్చి, కొసకు ఉండ చుట్టిన పుల్లలతో కొట్టేది. మన జలతరంగిణికి దూరపు చుట్టం అనుకో. సొంత గొంతుతో మొదటి ఆల్బం 2010లో గానీ రాలే. అప్పటికే నటుడిగా ఏళ్ల తరబడి వేషాలు వేస్తున్నాడు.

2012 డిసెంబరులో మెదడులో రక్తస్రావమైంది. మరుసటేడు మళ్లీ మంచం పట్టాడు. లేచి వచ్చాక 2016లో ‘నిగెహాజి’ సీరియల్. అందులో ఆయనది ఆడపిల్ల ఎదురుగా కూర్చుంటే కట్టెలా బిగుసుకుపోయే కంప్యూటర్ ఇంజనీరు పాత్ర. ఎపిసోడ్ అయిపోగానే అదే మనిషి, హీరోయిన్ అరగాకి యుయితో కలిసి తన పాటకే హాయిగా చేతులూపుతూ చిందేస్తాడు. ఆ పాట పేరు ‘కోయి’. మనకైతే కత్తి గుర్తొస్తది గానీ వాళ్ల భాషలో ప్రేమ! దేశమంతా ఆ స్టెప్పులేసింది. 2021లో ఆ అమ్మాయినే నిజంగా పెళ్లాడాడు.

మా దేవరకొండ దిక్కు చిన్నప్పుడు చిందు భాగోతం చూసేటోణ్ని. రాజు వేషగాడు కిరీటం కింద కారే చెమట తుండుతో తుడుచుకుంటూ తనే పాటందుకునేటోడు. తన వంతు కాంగనే పక్కకొచ్చి, అదే కిరీటంతో తాళాలు పట్టి వంత పాడేటోడు. నువ్వు నటుడివా, గాయకుడివా అని ఎవ్వరూ అడగలే. నీ ప్రశ్నకు జవాబు నాకు అక్కడే దొరికింది. పడవ ఒకటే, తెడ్లు రెండు.

అయితే మీ నాయనకు ఇది చదివి వినిపిస్తే పని కాదు. ఈసారి రిహార్సల్‌కు తోలుకపో, వెనక బెంచీలో కూర్చోబెట్టు. పరీక్షల వారంలో మాత్రం పిలవకు.