వృద్ధాశ్రమం కాగితాలపై సంతకం చేసినవారే ఫీజు బాకీ తీర్చాలా?

వృద్ధాశ్రమంలో చేర్చేటప్పుడు పెద్దవారి ప్రతినిధిగా మాత్రమే సంతకం చేసినవారు ఆ ఫీజును సాధారణంగా సొంత డబ్బుతో కట్టనక్కరలేదు. హామీదారుగా సంతకం చేస్తే మాత్రం కట్టవలసి వస్తుంది. ప్రతినిధి కుదిర్చే ఒప్పందం ఆశ్రమానికీ, అక్కడ ఉండబోయే వ్యక్తికీ మధ్యదే కాబట్టి బాకీ ఆ వ్యక్తి పింఛను, పొదుపు, ఆస్తుల నుంచే తీరాలి. హామీదారు అలా కాక, ఆ వ్యక్తి చెల్లించలేకపోతే తానే చెల్లిస్తానని విడిగా మాట ఇస్తాడు.

ఉదాహరణకు, పవర్ ఆఫ్ అటార్నీ (తండ్రి తరఫున వ్యవహరించే అధికారపత్రం) ఉన్న కూతురు ‘తండ్రి తరఫున’ అని స్పష్టంగా రాసి సంతకం చేసి, ఆయన ఖాతా నుంచి నెలనెలా కడుతుండగా అది ఖాళీ అయితే, మిగిలిన బాకీ తండ్రిదే. అదే దరఖాస్తులో ‘చెల్లింపునకు నేను బాధ్యత వహిస్తాను’ అన్న వాక్యం కింద కూడా ఆమె సంతకం ఉంటే (ఇది తరచు చివరి పేజీలో, చిన్న అక్షరాలలో ఉంటుంది) ఆశ్రమం ఆమెనే అడగవచ్చు.

పవర్ ఆఫ్ అటార్నీ తీసుకుంటే అప్పులు కూడా సంక్రమిస్తాయని చాలామంది భయపడతారు, కానీ అది ఎదుటివారి డబ్బును వారి కోసం ఖర్చుచేసే అధికారమే. ఆ డబ్బును సొంతానికి వాడుకుంటే మాత్రం జవాబు చెప్పుకోవాలి. తల్లిదండ్రుల పోషణను సంతానంపై మోపే చట్టాలు కొన్ని దేశాలలో ఉన్నాయి. ఆ బాధ్యత సంతకంతో సంబంధం లేకుండా వస్తుంది.