‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని మాత్రం సంతకం పెట్టకండి

మీకు 48 ఏళ్లు. అమెరికా కంపెనీకి భువనేశ్వర్‌లో పనిచేస్తున్నారు. ఈసారి తీసేస్తున్నవాళ్లలో చాలామంది 45 దాటినవాళ్లే కాబట్టి వయసు వివక్ష అని కేసు వేయొచ్చా అని అడిగారు.

ఆ పేరుతో అయితే కష్టం. అమెరికాలో దీనికి 1967 నుంచే చట్టం ఉంది, 40 దాటినవాళ్లను వయసు చూసి తీసేయకూడదు. గుంపుగా తీసేస్తూ ‘దావా వేయను’ అని సంతకం అడిగితే ఆలోచించుకోవడానికి 45 రోజులివ్వాలి, తీసేసినవాళ్ల, ఉంచినవాళ్ల హోదాలూ వయసులూ రాసి చూపించాలి. కంపెనీ అక్కడిదే అయినా ఇక్కడ పనిచేసే భారతీయులకు ఆ చట్టం వర్తించదు. మన దగ్గర ప్రైవేటు ఉద్యోగాల్లో వయసు వివక్ష అని నేరుగా ఆపే చట్టం లేదు. ఇది తెలియక నేను నెల రోజులు పోగొట్టుకున్నాను.

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ఒక కంపెనీ డిపోలో 23 ఏళ్లు స్టోర్స్ చూశాను. 2019లో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, ‘మీకిది పట్టుబడదు సర్’ అన్నారు. నేర్పిస్తే కదా పట్టుబడటానికి! నాకప్పుడు 51. నా దగ్గరే పని నేర్చుకున్న ఇద్దరు కుర్రాళ్లను ఉంచారు.

హెచ్ఆర్ అబ్బాయి పిలిచి, ముందే టైపు చేసిన రాజీనామా నా ముందు పెట్టాడు. నా ఇంటిపేరులో అక్షరం తప్పు. పెన్ను మూత కూడా తనే తీసి ఇచ్చాడు. మూడు నెలల జీతం, గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి చేసిన సర్వీసుకు చివర ఇచ్చే మొత్తం) ఇస్తామన్నాడు. ఇంట్లో చూపించి వస్తానని కాగితం జేబులో పెట్టుకున్నాను. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అన్న చోట మా ఆవిడ ఆగి, ‘మనకేం వ్యక్తిగత కారణాలున్నాయండీ?’ అంది. అంత టెన్షన్‌లోనూ నవ్వొచ్చింది.

ఆ మాటే నన్ను కాపాడింది. మీ అంతట మీరు మానేస్తే చట్టం దృష్టిలో అది రిట్రెంచ్‌మెంట్, అంటే కంపెనీ తనంతట తాను ఉద్యోగం తీసేయడం, కాదు. వాళ్లు తీసేస్తేనే నెల నోటీసు లేదా ఆ జీతం, పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు జీతం పరిహారం. అన్నిటికంటే పెద్దది ఇంకొకటి: ఒకే రకం పనివాళ్లలో చివర చేరినవాళ్లను ముందు తీయాలి, అలా కాకపోతే కారణం రాసి పెట్టాలి. వయసు అన్న మాట ఎక్కడా లేదు గానీ, మనలాంటి పాతవాళ్లకు గొడుగు ఇదే. నా రోజుల్లో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది.

గ్రాట్యుటీ వాళ్లు పెట్టే భిక్ష కాదు. అయిదేళ్లు నిండితే, తప్పు చేసి పోగొట్టుకుంటే తప్ప, రాజీనామా చేసినా తీసేసినా మనదే. నా చివరి బేసిక్, డీఏ కలిపి 18,200. దాన్ని 26తో భాగించి, 15తో, 23తో గుణిస్తే 2,41,500. రాజీనామా చేస్తే ఇస్తామని ఊరించింది ఈ డబ్బునే.

సంతకం పెట్టలేదు. వారానికి టెర్మినేషన్ లెటర్ వచ్చింది. లేబర్ ఆఫీసుకు అర్జీ ఒడియాలో మా అబ్బాయి రాశాడు. నాకు చదవడం వచ్చు గానీ రాస్తే వంకర్లు పోతుంది. ఈ రక్షణ కార్మికులకే కాబట్టి కంపెనీవాళ్లు ‘ఈయన సీనియర్ ఎగ్జిక్యూటివ్, కార్మికుడు కాదు’ అన్నారు. అధికారి నేను రాసిన బిన్ కార్డులు (సరుకు నిల్వ లెక్కల కార్డులు), సరుకు రసీదులు తిరగేసి ‘ఈ ఎగ్జిక్యూటివ్ కింద ఎంతమంది?’ అని అడిగాడు. ఎవరూ లేరు. హోదా పేరు కాదు, ముఖ్యంగా చేసే పని చూడాలని కోర్టులూ చెప్పాయి. తర్వాత ఎవరు ముందు చేరారో చెప్పే సీనియారిటీ జాబితా అడిగితే వాళ్ల దగ్గర లేదు. అయిదో వాయిదాకి రాజీకొచ్చారు. గ్రాట్యుటీ కాక సుమారు మూడున్నర లక్షలు ఇచ్చారు. ఉద్యోగం రాలేదు, కోర్టుకెక్కి పోరాడే ఓపిక నాకూ లేదు.

అన్నట్టు, కార్మిక మంత్రిగా ఉండి బ్యాంకు ఉద్యోగుల జీతాల వివాదంలో వచ్చిన ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో రాజీనామా చేసిన వి.వి. గిరి పుట్టింది మా ఊళ్లోనే. ఆయన చేసిన రాజీనామా వేరు, మనచేత రాయించుకునేది వేరు.

మీ సంగతికొస్తే, నిజంగానే మేనేజర్ అయితే ఈ దారి లేదు, నియామక పత్రంలోని షరతులే దిక్కు. సూపర్‌వైజర్ పని అయి జీతం నెలకు 18,000 దాటినా అంతే. సాంకేతిక పనో గుమాస్తా పనో అయితే జీతం ఎంతైనా కార్మికుడి లెక్కే. తీసేసిన రోజు నుంచి రెండేళ్లలోపు కదలాలి. లోపలికి లాగిన్ ఉండగానే పే స్లిప్పులు, అప్రైజల్ మెయిళ్లు తీసి పెట్టుకోండి, నాకు ఆ రోజు సాయంత్రానికే ఆపేశారు. మీ కింద ఎవరైనా ఉన్నారా, సెలవులు మీరు మంజూరు చేస్తారా? అది రాయండి, మిగతాది చెప్తాను.